తొక్కుడు పలక మీద రాయి

నీళ్ళ తొట్టి ఎట్లా కడితే ఎవరూ పాడు చేయలేరు? ఆ ఎండాకాలం మౌలాలి తిండి తింటున్నా, నమాజుకు నిలబడినా తలలో ఇదే ఆలోచన.

వాళ్ళ దర్గా గుట్ట మీద ఉంది. చెట్టూ చేమా తక్కువ, అంతా బండ. గురువారం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళ జనం మొక్కులు తీర్చుకోవడానికి ఎక్కుతారు. తురకలూ వస్తారు, హిందువులూ వస్తారు. ఎవరైనా సరే, చెప్పులు గుట్ట కిందే విడిచి రావాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎండ ఎంత మండినా గుట్ట మీద ఉన్నంతసేపూ కాళ్ళు కాలుతున్నాయని అనకూడదు. అంటే మొక్కు చెల్లదని ఆ జనం నమ్మకం. అందుకే అక్కడ ఎవరూ ఆ మాట ఎత్తరు. దిగినాక టీకొట్టు దగ్గర కూర్చుని అరికాళ్ళు చూసుకుంటారు.

దర్గాను చూసుకునేది బుడన్ తాత. పెద్ద ఫకీరు. మాట తక్కువ. ఆయన దగ్గర శిష్యుడిగా ఉంటున్నవాడు మౌలాలి. అంతకుముందు వాడు బోర్లకు పైపులు దించే పని చేసేవాడు. చేతిలో మంచి పనితనం ఉంది. ఉన్న సంగతి వాడికీ బాగా తెలుసు.

ముందు అక్కడ పందిరి కింద మట్టి బానలు ఉండేవి. గొలుసుతో కట్టిన గ్లాసు ఉండేది. అందరూ ఆ గ్లాసే నోటికి పెట్టుకునేవాళ్ళు. గొలుసు తెంపి గ్లాసు ఎత్తుకుపోతే, చేతులు ముంచి తాగేవాళ్ళు. పోయిన ఎండాకాలం నీళ్ళు తాగి వెళ్ళిన చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పసిపిల్ల చావు అంచుదాకా పోయి బతికింది. ఆ కబురు విన్న రోజు తాత అన్నం ముట్టలేదు.

మరునాడు మౌలాలిని పిలిచాడు.

"నీకు పైపుల పని వచ్చు గదా. నీళ్ళ సంగతి నువ్వు చూడు."

"చూస్తా తాతా. సైతాను దిగొచ్చినా చెయ్యి పెట్టలేనట్టు కడతా."

తాత వాడి కాళ్ళ వైపు చూశాడు. "ఇనుప ముక్కలు, సిమెంటు. కాళ్ళు కోసుకుంటాయి. పని అయ్యేదాకా చెప్పులు వేసుకో" అన్నాడు.

అట్లా గుట్ట మీద చెప్పులు వేసుకుని తిరిగే మనిషి మౌలాలి ఒక్కడే అయ్యాడు. టైరు చెప్పులు. నడిస్తే బండ మీద టపటపమని మోగేవి.

పని మటుకు మనసు పెట్టి చేశాడు. పందిరి పీకేశాడు. "పందిరి ఉంటే పడుకుంటారు, పడుకుంటే ఉమ్ముతారు, కాకులు వాలతాయి" అన్నాడు. బండ మీద బయలులో తొట్టి కట్టాడు. నీళ్ళు చల్లగా ఉండాలని రెండు గోడలు కట్టి నడుమ ఇసుక పోశాడు. పైన ఇనుప మూత, దానికి తాళం. పైపు గోడ లోపల దాచాడు. దొంగలు తిప్పకుండా నట్ల తలలు ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. నీళ్ళు పడే గొట్టం ఎవరి నోరూ అందనంత ఎత్తులో పెట్టాడు. కింద పడిన నీళ్ళు నిలవకుండా వాలుగా రాయి పరిచాడు.

అసలు తెలివి కింద ఉంది. కుళాయి తిప్పాలంటే అందరి చేతులూ దానికే తగులుతాయి. పైగా ఒక చెయ్యి కుళాయి మీద ఉంటే దోసిలి పట్టేదెట్లా? అందుకని నేల మీద ఇనుప పలక ఒకటి బిగించాడు. కాలితో తొక్కితే పైన నీళ్ళు వస్తాయి. కాలు తీస్తే ఆగిపోతాయి. రెండు చేతులూ దోసిలికే. చుక్క వృథా పోదు.

తెల్లవారుజామున తనే తొక్కి చూసుకున్నాడు. చల్లటి నీళ్ళు దోసిట్లో నిండుగా పడ్డాయి. పరుగెత్తుకుపోయి తాతను పిలుచుకొచ్చాడు.

"పని అయిపోయింది తాతా!"

తాత తొట్టి చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది. ఇంక దీంట్లో వంక పెట్టేదానికి ఏం లేదు."

తాత తల ఊపి వెళ్ళిపోయాడు. చెప్పుల మాట తాత ఎత్తలేదు, మౌలాలికి గుర్తు లేదు.

వంట చూసుకునే హుసేంబి మటుకు ఊరుకోలేదు. "ఏం నాయనా, పెళ్ళికొడుకు మాదిరి టపటపలాడిస్తా తిరగతాండావు?" అంది.

"పనోళ్ళకు తాత ఇచ్చిన సెలవు అక్కా."

"ఊ. ఇయ్యాల ఏం పని పడిందో మరి!"

మౌలాలి నవ్వి, టపటపలాడిస్తూనే తొట్టి వైపు పోయాడు.

మొదటి గురువారం జనం పొద్దున్నే వచ్చి తాగి బాగుందన్నారు. మధ్యాహ్నం ఒకాయన తలగుడ్డ విప్పి, నాలుగు మడతలు వేసి పలక మీద పరిచి, దాని మీద కాలు పెట్టాడు. మౌలాలికి ఒళ్ళు పులకరించింది. తను చేసిన వస్తువుకు అంత మర్యాద చేస్తున్నారే అనుకున్నాడు.

రెండో గురువారం రాయి కనబడింది.

ఎవరో పలక మీద పెద్ద రాయి పెట్టి పోయారు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మౌలాలి చూసేసరికి తొట్టి అడుగంటింది. ఆ గుట్ట మీదికి కింద బోరు నుంచి మోటారుతో నీళ్ళు ఎక్కాలి. కరెంటు ఉన్నప్పుడే ఎక్కాలి. మళ్ళీ నిండేది మరునాటికే. ఆ సాయంత్రం ఒక ముసలాయన మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాడు. హుసేంబి వంటింట్లో మిగిలిన చెంబెడు నీళ్ళు ఆయన ముఖాన చల్లింది.

మౌలాలికి కోపం వచ్చింది. పలకను విప్పి, రాయి జారిపోయేలా కొంచెం వాలుగా బిగించాడు. మరుసటి వారం రాయి కింద చితుకు ఆనించి పెట్టారు. మళ్ళీ తొట్టి ఖాళీ.

"కావాలని చేస్తాండారు" అన్నాడు. "మంచి వస్తువు కంటికి కనబడితే ఓర్చుకోలేరు ఈ జనం."

ఆ వారమంతా తట్ట పట్టుకుని తొట్టి చుట్టుపక్కల రాళ్ళన్నీ ఏరి లోయలోకి పారబోశాడు.

హుసేంబి పప్పు రుబ్బుతూ చూసింది. "రాళ్ళ గుట్ట మీద రాళ్ళు ఏరతాండావా? ఎంతవరకు ఏరతావు నాయనా, గుట్ట అయిపోయేదాకానా?"

"నవ్వక్కా, నవ్వు. వచ్చే వారం వాళ్ళను పట్టుకున్నాక నేను నవ్వుతా."

"పట్టుకోక ముందు ఒక మాట..." అని ఏదో చెప్పబోయింది. దర్గా వైపు చూసి ఆగిపోయింది. "నేను చెప్పేది కాదులే" అని మళ్ళీ రుబ్బుకుంది.

గురువారం వచ్చింది. మధ్యాహ్నం మౌలాలి తొట్టి వెనక నక్కి కూర్చున్నాడు. బండ పొయ్యి మీది పెనంలా ఉంది. ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. నడివయసు, బక్క మనిషి, చేనిలో పని చేసి నల్లబడిన ముఖం. కొంగులో బరువేదో మూట కట్టుకుని నడుముకు దోపుకుంది. అటూ ఇటూ చూసి కొంగు విప్పింది. లోపల రాయి. దాన్ని రెండు చేతులా పలక మీద పెట్టి, జారకుండా సర్దింది. నీళ్ళు వచ్చాయి. ముఖం కడుక్కుని, దోసిలి పట్టి కడుపునిండా తాగింది. రాయి అట్లాగే వదిలి, దర్గా వైపు రెండడుగులు వేసింది.

మౌలాలి దూకి అడ్డం నిలబడ్డాడు.

"దొరికినావు! ఎవరు నువ్వు?"

ఆమె బెదిరిపోయింది. "ఓబుళమ్మ నాయనా."

"ఈడ రాళ్ళు లేకుండా చేస్తే కింది నుంచి మోసుకొస్తావా? అంత పగేంది నీకు ఈ తొట్టి మీద?"

"పగ యాడిది నాయనా! నా వెనక ముసలోళ్ళు ఎక్కుతాండారు. వాళ్ళకు గూడా అక్కరకొస్తుందని పెట్టినా."

"కాలు పెట్టి తొక్కితే నీళ్ళు రావా? రాయి ఎందుకు?"

ఓబుళమ్మ పలకను చూసింది. వాడి చెప్పులను చూసింది. తల దించుకుంది.

"నోరు లేదా?"

"ఉండాది నాయనా. గుట్ట దిగినాక చెప్తాలే."

"దిగినాక ఎవరికి కావాల! పద తాత దగ్గరికి."

రాయి తీసి ఆమె చేతుల్లోనే పెట్టి, ముందు నడిపించుకుంటూ పోయాడు. తాత దర్గా వసారాలో, నీడలో, చాప మీద కూర్చుని ఉన్నాడు.

"తాతా, ఈమే. ఈమె చేసిన పనికే పెద్దాయన పడిపోయింది. ఈమెను ఇట్లనే కిందికి పంపించు. లేదంటే ఆ పలకకు పెట్టె చేసి తాళం వేస్తా. నేను ఉన్నప్పుడు తీస్తా, లేనప్పుడు లేదు."

ఓబుళమ్మ గడప దగ్గరే నిలబడిపోయింది. రాయి రొమ్ముకు ఆనించుకుని ఉంది.

"సామీ, నా చిన్నోడికి మూర్ఛ వస్తాది. వాడి మొక్కుకు ఇది ఆఖరి వారం. దండం పెట్టుకోకుండా దించొద్దు సామీ. నీళ్ళు పోతాయని నాకు తోచలే. తప్పయింది. ఏమన్నా అనండి, పడతా."

"ఎందుకు పెట్టినావంటే మటుకు చెప్పదు" అన్నాడు మౌలాలి.

తాత ఆమె పాదాల వైపు చూశాడు. తర్వాత మౌలాలి వైపు చూశాడు.

"చానాసేపు ఎండలో కూచున్నట్టుండావు" అన్నాడు. "గొంతు తడారింటాది. ముందు పోయి నీళ్ళు తాగి రా. తర్వాత మాట్లాడుదాం."

నిజంగానే మౌలాలి నోరు పిడచకట్టుకుపోయి ఉంది. "సరే తాతా" అని కదిలాడు.

"చెప్పులు ఈడ ఇడిచి పో. పని అయిపోయింది గదా."

మౌలాలి ముఖం చిన్నబోయింది. చెప్పులు చాప పక్కన విడిచాడు.

వసారా దిగగానే బండ తెలిసింది. తాత చూస్తున్నాడని మెల్లగా నడవాలనుకున్నాడు, కాళ్ళు వినలేదు. మునివేళ్ళ మీద గబగబా పోయి తొట్టి ముందు ఆగాడు. దోసిలి పట్టాడు. కుడికాలు పలక మీద పెట్టాడు.

కాలు దానంతటదే వెనక్కి వచ్చేసింది.

పైన గొట్టంలోంచి నాలుగు చుక్కలు రాలి, చెయ్యి చేరేలోపే ఆగిపోయాయి. ఎడమకాలు పెట్టి చూశాడు. అదీ అంతే. మడమ ఒక్కటే ఆనించి చూశాడు. దోసిట్లో గుక్కెడు నీళ్ళు పడకముందే మడమ లేచిపోయింది. గోడ లోపల నీళ్ళు కదిలిన చప్పుడు మటుకు చల్లగా వినబడింది.

మౌలాలి కిందికి చూశాడు. కుడిపక్క చూశాడు, ఎడమపక్క చూశాడు. తొట్టి వెనక్కి పోయి చూశాడు. బండ నున్నగా, శుభ్రంగా ఉంది. ఎంత వెతికినా చేతికి ఒక్క రాయి దొరకలేదు.

"ఏం మౌలాలీ" వసారాలోంచి తాత గొంతు వినబడింది. "నీళ్ళు రాలేదా?"

"వస్తాండాయి తాతా."

"మరింకేం?"

మౌలాలి నోరు తెరిచాడు. అంతలో ఎక్కడ ఉన్నాడో గుర్తొచ్చింది. మూసుకున్నాడు.

"ఏం లేదు తాతా" అన్నాడు. ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతూ అట్లాగే నిలబడ్డాడు.

ఓబుళమ్మ వసారా దిగి వచ్చింది. వంగి రాయిని పలక మీద పెట్టి, జారకుండా సర్దింది. నీళ్ళు ధారగా పడ్డాయి. మౌలాలి దోసిలి పట్టి తాగాడు. మళ్ళీ పట్టి తాగాడు. పాదాల మీద పోసుకున్నాడు. తర్వాత తనే వంగి రాయి తీసి, పలక పక్కన పెట్టాడు. ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఇద్దరూ వసారాకు వచ్చారు.

"పో తల్లీ" అన్నాడు తాత ఓబుళమ్మతో. "దండం పెట్టుకో పో. పిల్లోడికి తగ్గుతాదిలే."

ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. వంటింటి గడపలో నిలబడి చూస్తున్న హుసేంబి కూడా కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

మౌలాలి చాప పక్కన నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర టైరు చెప్పులు ఉన్నాయి.

"వేసుకో" అన్నాడు తాత. "పని ఇంకా కాలేదు."

మౌలాలి వంగి చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. వేసుకోలేదు. అట్లాగే ఎండలో మెట్లు దిగడం మొదలుపెట్టాడు. సగం దారిలో ఒక ముసలామె మనవరాలి భుజం పట్టుకుని ఎక్కుతూ ఎదురైంది.

"నాయనా, పైన నీళ్ళు ఉండాయా?"

"ఉండాయి అవ్వా. చల్లగా ఉండాయి. ఈ చెట్టు నీడన రవ్వంతసేపు కూచో. తొక్కుడు పలక మీద బిగించేదానికి కింద టీకొట్టులో చెక్క ఒకటి అడిగి తెస్తా, కలిసి పోదాం."

కింద అందరి చెప్పుల వరుసలో తన చెప్పులు కూడా పెట్టి, మౌలాలి టీకొట్టు వైపు నడిచాడు.