శౌరమ్మ మైనం

సముద్రం ఇంకా ఇంత దగ్గరికి రాని రోజుల్లో, అనగనగా ఒక ఇసుక పల్లె. ఆ పల్లెలో మరియమాతకి తాటాకు గుడి. ఆ గుడి ఊడ్చే మనిషి శౌరమ్మ, నా అన్నవాళ్ళెవరూ లేని ముసలిది.

మాత ముందు కొవ్వొత్తులు కాలేవి, మైనం కారేది. శౌరమ్మ దాన్ని గీకి కొంగులో మూటకట్టుకుపోయేది. జోజప్ప తాత వల కుట్టుకునే దారానికి మైనం రాసిచ్చేది, పురి విడకుండా. ఊరగాయ జాడీల మూతల చుట్టూ మైనం పోసేది, చెమ్మ చేరకుండా. కొబ్బరినూనెలో కరిగించి, చేపల గంపలు మోసే ఆడవాళ్ళ కాళ్ళ పగుళ్ళకి పెట్టేది. ఎవరికిచ్చినా ఒకటే మాట: "ఎవరి మొక్కో ఏమో, నీకు పనికొచ్చింది. పట్టుకెళ్ళు."

కారిన మైనం ఎవరైనా తీసుకోవచ్చు. ఒత్తిని మాత్రం ముట్టుకోకూడదు. మొక్కుకున్న కొవ్వొత్తి అడుగంటా కాలితేనే మొక్కు మాతకి చేరుతుందని ఆ పల్లెవాళ్ళ నమ్మకం.

ఒక సాయంత్రం తుఫాను లేచింది. ఇన్నాసమ్మ మొగుడి పడవ ఇంకా రాలేదు. ఆమె చంటిబిడ్డని చంకనేసుకుని వచ్చి, కొవ్వొత్తి వెలిగించి, ఒడ్డుకి పరిగెత్తింది. తెల్లారేసరికి పడవ చెక్కలు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. గుడికొచ్చి చూస్తే కొవ్వొత్తి కూడా లేదు, కారిన మైనం చుక్కయినా లేదు.

"శౌరమ్మత్తా, నా కొవ్వొత్తేదీ?"

"నేనే తీశానే పిల్లా."

"నా మొక్కు తీరకుండానే తీసేశావా?"

శౌరమ్మ ఆమె మొహం చూసింది, చంకలో బిడ్డని చూసింది, తల దించుకుంది.

"తప్పు నాదేనే," అంది.

అంతే. ఊరు ఊరంతా ముసలిదాని మీద పడింది. కాళ్ళకి రాసుకునే మందు కోసం ఒక మనిషి ప్రాణం తీసిందన్నారు. వలలు తెగాయి, శౌరమ్మ దగ్గరికి పోలేదు. ఊరగాయలు బూజు పట్టాయి, శౌరమ్మ దగ్గరికి పోలేదు. మడమలు చీలి నెత్తురు కారింది, అయినా శౌరమ్మ దగ్గరికి పోలేదు. పంతమంటే అలా ఉండాలి మరి!

ఇన్నాసమ్మ రోజూ గుడికొచ్చేది. మాతకి దణ్ణం పెట్టేది, శౌరమ్మ ఎదురైతే మొహం తిప్పుకునేది. ఆ కోపమే ఆమెని నిలబెట్టింది. బిడ్డ పెరిగి పెద్దదయింది. శౌరమ్మ ఒక వానాకాలంలో జ్వరమొచ్చి పోయింది.

మట్టి వేసే చోట జోజప్ప తాత ఇన్నాసమ్మ పక్కన నిలబడ్డాడు.

"పిల్లా, ఎవరికీ చెప్పొద్దని శౌరమ్మ నాతో ఒట్టేయించుకుందే. ఇక నావల్ల కాదు. ఆ సాయంత్రం గాలికి నీ కొవ్వొత్తి కిందపడి ముక్కలైపోయింది. అది ఆ ముక్కలన్నీ ఏరి, కొబ్బరిచిప్పలో కరిగించి, కొంగు చింపి ఒత్తేసి, ఒడ్డున వెలిగించింది. గాలికి చేతులడ్డం పెట్టింది. చేతులు కాలాయి. మైనం బొట్టు మిగలకుండా కాలిందాకా లేవలేదు. పక్కనే ఉన్నాను నేను."

"మరి నాకెందుకు చెప్పలేదు తాతా?"

"చెబితే ఏమవుతుందే? మొక్కు మాతకి చేరినా మనిషి రాలేదని నీకు తెలిసిపోదూ? మాత మీద కోపమొస్తే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది, ఆ కోపమేదో నా మీదే పెట్టుకోనీ అంది శౌరమ్మ."

ఇన్నాసమ్మ ఇసుకలో కూలబడింది. అన్నేళ్ళూ ఎదురుగా నడిచిన మనిషిని ఒక్కసారి పలకరించలేదు. ఇప్పుడు అత్తా అని పిలిస్తే పలికేవాళ్ళెవరు? మట్టి వేసిన రోజు సాయంత్రమే ఒక చిప్పలో మైనం కరిగించి ఒడ్డున వెలిగించింది. చాలా ఏడ్చింది. ఏడ్చి ఏం లాభం?

ఇప్పటికీ ఆ తీరాన ఎవరి ఇంట మైనం మిగిలినా కరిగిస్తారు. దారానికి రాసుకుంటారు, జాడీకి పోసుకుంటారు, కాళ్ళకి పెట్టుకుంటారు. అన్నిటికన్నా ముందు మాత్రం ఒక చిప్పలో పోసి, తమకి పడని మనిషి పేరు చెప్పి వెలిగిస్తారు. అది కాలిపోయేలోగా లేచి, ఆ మనిషి గుమ్మంలోకెళ్ళి పలకరించి రావాలి.