ఖాళీ గద్దె ముందు కుక్కపిల్ల

ఏటి అవతల ఒకానొక రాజ్యం ఉండేదట. దాన్ని వీరకేసరి అనే రాజుగారు ఏలేవారు. ఆయన గొంతు విప్పితే కొలువులో దీపాలు రెపరెపలాడేవి. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ పెదవి కదపకూడదని కట్టుబాటు.

సింహాసనానికి ఎదురుగా, చనిపోయిన పెద్ద రాజుగారి గద్దె ఉండేది. దాని మీద ఎవరూ కూర్చోరు. రోజూ దీపం మాత్రం పెడతారు.

రాజుగారి వేటకుక్కల్ని సాకే చెంగమ్మ దగ్గర ఒక కుక్కపిల్ల ఉండేది. తల్లిని అడవిలో పులి ఎత్తుకుపోతే, చెంగమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని మేకపాలు పోసి బతికించింది. గవ్వ అని పేరు పెట్టుకుంది. రాజుగారు చూసి ముచ్చటపడి, "దీనికి విద్య మేమే నేర్పుతాం" అన్నారు.

మొదటి రోజు "కూర్చుండుము!" అని ఉరిమారు. గవ్వ చెవులు వాల్చేసింది. మర్నాడు "చతికిలబడుము!" అన్నారు. ఆ మర్నాడు "ఆసీనమగుము!" అన్నారు. అన్నమాటే మళ్లీ అనడం రాజులకు చిన్నతనమని ఆయన నమ్మకం. పసికూనకేం తెలుస్తుంది పాపం? భయంతో నేల తడిపేసింది.

"చెంగమ్మా! దీన్ని చెడగొట్టింది నువ్వే. పున్నమి కొలువులో మా మాటకు ఇది కూర్చోకపోతే, తల్లి పోయిన అడవిలోనే వదిలేయిస్తాం!"

కాళ్లు పట్టుకుని బతిమాలుదామంటే చెంగమ్మకి నోరు విప్పడానికి లేదు. రాజుగారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం, కొలువులో హాస్యం చెప్పే తిప్పన ఆమె గుడిసెకి వచ్చాడు. "ఏడవకు చెల్లెమ్మా. పున్నమి దాకా రోజూ కాసేపు కుక్కపిల్లని నాకు వదులు" అన్నాడు.

అలా రోజూ వచ్చి, మాటా పలుకూ లేకుండా గవ్వ ఎదురుగా కూర్చునేవాడు. ఉండుండి వెన్న రాసిన రొట్టెముక్క దాని నోటికి అందించేవాడు.

"నేర్పుతావనుకుంటే మేపుతున్నావేంటి తిప్పన్నా?" అంది చెంగమ్మ.

"కడుపు నిండితే భయం పోతుంది చెల్లెమ్మా" అని నవ్వేసి వెళ్లిపోయేవాడు.

పున్నమి రానే వచ్చింది. దీపాలు పెట్టే వేళకి కొలువు నిండింది. రాజుగారు లేచి నిలబడి, "ఉపవిష్టమగుము!" అని గర్జించారు.

గవ్వ ఆయన వంక చూడనే లేదు. గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. అయినా తోక ఊపుకుంటూ అక్కడిదాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఎవరి పక్కనో నడుస్తున్నట్టు మెల్లగా నడిచి వచ్చింది. మధ్యలో ఆగింది. తలెత్తి పైకి చూసింది. మళ్లీ నడిచింది. ముసలివాళ్లు ఆయాసం తీర్చుకుంటూ నడుస్తారే, వాళ్ల పక్కన నడిచినట్టు.

గద్దె దాకా వచ్చి, దాని ముందు కూర్చుంది. పడుకుంది. లేచి మళ్లీ కూర్చుంది.

గద్దె ఖాళీగానే ఉంది.

"నాన్నగారు అలాగే ఆగి ఆగి నడిచేవారు" అన్నారు రాజుగారు. ఆ గొంతు ఆయనది కానట్టు సన్నగా వచ్చింది. "తిప్పా, నువ్వు గద్దె పక్కనే ఉన్నావు. ఏమైనా వినిపిస్తోందా?"

తిప్పన గద్దె దగ్గర చెవి ఒగ్గాడు. "కూర్చో అంటున్నారు ప్రభూ."

"అది కూర్చుంది కదా!"

"దాన్ని కాదు ప్రభూ. తమర్ని."

అంతే. వీరకేసరి మహారాజు ఉన్నచోటే కటిక నేల మీద కూలబడ్డారు. అరుపులు లేకపోయేసరికి గవ్వ మెల్లగా వచ్చి ఆయన చెయ్యి వాసన చూసింది. "కూర్చో" అన్నారు రాజుగారు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మెత్తగా. గవ్వ కూర్చుంది.

అప్పుడు చూసింది చెంగమ్మ. తిప్పన చూపుడువేలు మడిచి ఉంది. రాజుగారి చూపూ అక్కడే పడింది.

"ఏమిటా వేలు?"

"మన కొలువులో నోరు విప్పడానికి లేదు కదా ప్రభూ, చేత్తో నేర్పాను. వేలు మడిస్తే కూర్చుంటుంది, అరచెయ్యి దించితే పడుకుంటుంది. అందరూ గద్దెనే చూశారు, నన్నెవరూ చూడలేదు."

రాజుగారి మొహం కందగడ్డయింది. "అంటే, మమ్మల్ని కూడా..."

"దానికి రోజుల తరబడి రొట్టె పెట్టాల్సి వచ్చింది ప్రభూ. తమరు ఒక్క మాటకే కూర్చున్నారు."

చెంగమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు! చేతి కడియం తీసి తిప్పనకి తొడిగారు. "చెంగమ్మా, పిల్ల ఇక నీదే. నేర్పేదీ నువ్వే" అన్నారు. ఆమె గబుక్కున గవ్వని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది.

రాజుగారు కళ్లు తుడుచుకుంటూ, "అంతా బాగుంది గానీ తిప్పా, గడప నుంచి నాన్నగారి పక్కన నడిచినట్టు నడిపించావు చూడు, దానికి ఏ వేలు ఆడించావు?" అని అడిగారు.

తిప్పన మొహంలో నవ్వు లేదు.

"అది నేను నేర్పలేదు ప్రభూ."

ఇదీ హాస్యమే అనుకుని రాజుగారు తొడ చరిచి మరింత నవ్వారు. ఇంకెవరూ నవ్వలేదు. చెంగమ్మ భుజం మీద నుంచి గవ్వ గద్దె వైపే చూస్తూ తోక ఊపుతోంది. చెంగమ్మ మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.