బాగుందన్న నెత్తి

అనగనగా ఒక ఎర్రమట్టి దిబ్బ. దిబ్బ మీద కుమ్మరి ఇళ్ళు. ఆ ఇళ్ళ చివర నాంచారవ్వ గుడిసె. ఎప్పటి మాటో అడక్కండి. మా అవ్వకి వాళ్ళవ్వ చెప్పింది, ఆవిడకి ఎవరు చెప్పారో ఆ మట్టికే తెలియాలి.

నాంచారవ్వకి కుండలు చేసే సారె లేదు, వాటిని కాల్చే ఆవం లేదు. ఉన్నవల్లా రెండు చెవులు. కాలిన కుండని వేలితో కొట్టి వినేది. టంగుమంటే మంచిది, డబ్బుమంటే పగులు. పని నేర్చుకునే పిల్లల కుండలన్నీ ఆవిడ వేలి కిందికే వచ్చేవి. విన్నందుకు ఇంటింటా గిన్నెడు జొన్నలు పెట్టేవాళ్ళు. అదే ఆవిడ బతుకు.

ఒక ఏడు దొరగారింటి పెళ్ళికి కుండలు కావాలన్నారు. "ఒక్కటి కారినా మళ్ళీ మీ దిబ్బ తొక్కం" అనేసి పోయారు. పెద్దవాళ్ళ చేతులు చాల్లేదు. పోలి, చెంచి, గురవడు అనే ముగ్గురు పిల్లల్నీ సారె ముందు కూర్చోబెట్టారు.

సరిగ్గా అప్పుడే అవ్వ చెవులు మందగించాయి. కేకేస్తే వినిపిస్తుంది, కుండ గొంతు వినిపించదు. అవ్వ దాచలేదు.

"నా చెవులు అయిపోయాయర్రా. ఇక మీ కుండ మీరే వినాలి, పక్కవాళ్ళదీ మీరే వినాలి."

"మరి నీ జొన్నలో?" అన్నాడు గురవడు.

"నా ఏడుపూ అదే. ముందు కుండ సంగతి చూడండి."

మొదటి ఆవం దిగింది. ముగ్గురు పిల్లలదీ ఒకటే మాట. "నాది బాగుంది. దానిదీ బాగుంది. వాడిదీ బాగుంది."

"బాగుందన్నవాళ్ళు నీళ్ళు నింపి నెత్తిన పెట్టుకోండి. దిబ్బ దిగేటప్పుడు మీది, ఎక్కేటప్పుడు పక్కవాళ్ళది" అంది అవ్వ.

ముగ్గురూ తడిసిన కోళ్ళలా తిరిగొచ్చారు.

రెండో ఆవం దిగింది. మళ్ళీ తడవడం ఎవరికిష్టం? "నాది బాలేదు. దానిదీ బాలేదు. వాడిదీ బాలేదు."

"బాలేదన్నవాళ్ళు ఎక్కడో వేలు పెట్టి చూపండి."

వేళ్ళు కుండ చుట్టూ తిరిగాయి గానీ ఎక్కడా ఆగలేదు. నీళ్ళు పోస్తే చుక్క కారలేదు. అవ్వ పడీపడీ నవ్వింది. "మంచి కుండల్ని తిట్టారు కదర్రా. వాటికి చేతులుంటే మీకు మొట్టికాయలు పడేవి."

మూడో ఆవం దిగింది. ఈసారి ఎవరూ తొందరపడలేదు. పోలి తన కుండ కొట్టి కళ్ళు మూసుకుంది.

"నాది అడుగున డబ్బుమంటోంది అవ్వా. రాళ్ళు ఏరకుండా మట్టి తొక్కాను."

"నాది నెత్తిన పెట్టుకుంటా" అంది చెంచి.

గురవడు చెంచి కుండ విన్నాడు. "నేనూ పెట్టుకుంటా. కాకపోతే అంచు వంకర పోయింది, నీ మూతిలాగా."

చెంచి వాణ్ణి ఒక్కటి మొట్టి, అంచు చూసుకుంది. నిజమే.

అలా విని ఏరిన కుండలే పెళ్ళికెళ్ళాయి. ఒక్కటీ కారలేదు.

పంటలయ్యాక పోలి గిన్నెడు జొన్నలు తెచ్చింది.

"చెవుల్లేని ముసలిదానికి ఇవెందుకే?"

"ఇప్పుడు నీకు ఆరు చెవులు అవ్వా. ఇంకో రెండు గిన్నెలు వెనకొస్తున్నాయి."

అవ్వ పోయి ఎన్ని వానలు వెలిశాయో. ఇప్పటికీ ఆ దిబ్బ మీద కొత్త కుండని ముందు చేసినవాళ్ళు కొడతారు, తర్వాత పక్కవాళ్ళు, ఆఖర్న పెద్దవాళ్ళు. కొట్టే ముందు "నాంచారవ్వా, విను" అంటారు. కుండనే కాదు, కూరనైనా పాటనైనా ఎవరైనా ఊరికే బాగుందంటే, ఒక్కటే అడుగుతారు.

"నెత్తిన పెట్టుకుంటావా?"