నలుగురిలో వేసుకున్న మాత్ర

సోమవారం ఉదయం పదకొండు ఇరవైకి ఆశ్రమం కుళాయి దగ్గర హైమావతి కాళ్ళు కడుక్కుంది. రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

ఎనిమిదేళ్ళ కిందట మనసు కుంగి, కాలేజీలో ఉద్యోగం వదిలేసి, బతుకు మీదే ఆశ వదులుకున్న మనిషి ఆమె. వైద్యంతో కోలుకుంది. అప్పటినుంచి ఊరూరా తిరిగి తన కథే చెబుతోంది. మనసుకి జబ్బు చేస్తే దాచుకోకండి, సిగ్గుపడకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి అంటుంది.

ముందురోజు సాయంత్రం తుని లారీ కార్మికుల హాల్లోనూ అదే చెప్పింది. చివర్లో నూకరాజు అనే డ్రైవరు లేచాడు.

"అమ్మగారూ, మీరింకా మాత్రలు ఏసుకుంటన్నారాండి?"

రెండు వందల మంది ఆమె వైపు చూశారు.

"లేదండీ. ఎప్పుడో మానేశాను."

హాలు చప్పట్లతో మోగిపోయింది. "అయితే నేనూ మానేత్తానండి!" అంటూ నూకరాజు నవ్వి కూర్చున్నాడు.

ఆ క్షణాన మాత్రల షీటు ఆమె చేతిసంచిలోనే ఉంది, రుమాలులో చుట్టి. మానేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఒకసారి తనే మానేసి చూసింది. నూకరాజు రోజూ రోడ్డు మీద లారీ తోలే మనిషి.

సోమలింగ స్వామి వసారాలో కూర్చుని అరటాకులు తుడుస్తున్నారు. ఆరేళ్ళుగా ఆమెకు ఆయనే గురువు. హైమావతి మాత్ర పేరుతో సహా జరిగిందంతా చెప్పింది.

"మంచికే అన్నాను స్వామీ. ఎనిమిదేళ్ళయినా మాత్ర తప్పలేదంటే చిన్నబోరా?"

"ఎవరు? వాళ్ళా?"

ఆమె తల దించుకుంది. "ప్రాయశ్చిత్తం చెప్పండి. మూడు రోజులు ఉపవాసం ఉంటాను" అంది.

"ఆ మాత్ర అన్నం తిన్నాక వేసుకునేది. ఉపవాసం ఎలా కుదురుతుందమ్మా?"

తిన్నాక వేసుకోవాలన్న సంగతి తను చెప్పలేదని ఆమెకు అప్పుడు తట్టలేదు.

భోజనాల గంట కొట్టారు. సోమవారం అన్నదానం కాబట్టి రేకుల షెడ్డు నిండిపోయింది. స్వామికి అందరూ తిన్నాక తన గదిలో తినడం అలవాటు. ఆ పూట వచ్చి మధ్య వరసలో కూర్చున్నారు. హైమావతిని పక్క ఆకు ముందు కూర్చోమన్నారు. జనం సర్దుకుని కూర్చున్నారు.

పప్పు, కందబచ్చలి కూర, పులుసు వచ్చాయి. పెరుగన్నం అయ్యాక స్వామి రొంటిన దోపుకున్న కాగితం పొట్లం తీశారు. అందులోంచి షీటు తీసి, ఒక మాత్ర నొక్కి అరచేతిలో వేసుకున్నారు.

ఎదుటి వరసలో రైసుమిల్లు వీర్రాజు, ఆశ్రమం ట్రస్టు సభ్యుడు, అది చూసి నవ్వాడు.

"బీపీకా స్వామీ? రండి రండి, మా జట్టులో కలిశారన్నమాట."

"బీపీ కాదు వీర్రాజూ. మనసుకి. పందొమ్మిదేళ్ళయింది."

గొంతు తగ్గించలేదు. మజ్జిగ పోస్తున్న గరిటె ఆగింది.

"అదేంటి స్వామీ! ఇంతమందికి ధ్యానం చెప్పే మీకు..." వీర్రాజు ఆపేశాడు.

"ధ్యానమూ చేస్తాను. ఇదీ వేసుకుంటాను."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి, "ఇన్నాళ్ళూ ఈయన దగ్గరికా మనం పిల్లల్ని తెచ్చింది?" అంది పక్కావిడతో. అందరికీ వినబడింది.

స్వామి హైమావతి వైపు తిరిగారు. "అమ్మా, ఆ నీళ్ళ చెంబు ఇలా ఇయ్యి."

ఇస్తూ ఆమె షీటు మీది పేరు చూసింది. తన మందే. తనది పది మిల్లీగ్రాములు, ఆయనది ఇరవై.

ఆయన మాత్ర మింగి, చెంబు ఆమె ముందు పెట్టారు. ఆకు మడిచి లేచిపోయారు.

హైమావతి రుమాలు ముడి విప్పింది.

మధ్యాహ్నం రెండున్నరకి నూకరాజు తుని యార్డులో లారీకి టార్పాలిన్ కడుతున్నాడు. ఆమె బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్ళింది.

"నిన్న అబద్ధం చెప్పానండీ. నేనింకా మాత్ర వేసుకుంటున్నాను. ఇందాక అన్నం తిన్నాక కూడా వేసుకున్నాను."

నూకరాజు తాడు వదిలేశాడు. "మరి లేదన్నారేంటండీ?"

"సిగ్గేసింది."

"చప్పట్లు కొట్టింది మేవే కదండీ" అన్నాడు నూకరాజు. "పొద్దున్న నేను ఏసుకోలేదండి."

"మీ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేయండి. ఆయన చెప్పేదాకా మానకండి. నేనిక్కడే ఉంటాను."

ఫోను క్యాబిన్‌లో ఉంది. అతను ఎక్కి నంబరు నొక్కాడు. మాట్లాడటం అయ్యేదాకా ఆమె ఎండలోనే నిలబడింది.

మరుసటి ఆదివారం అదే హాల్లో, మైకు ముందు, ఆమె ఆ మాటే మళ్ళీ చెప్పింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సభ అయ్యాక ముగ్గురు బయట ఆగి, డాక్టరు ఫోన్ నంబరు అడిగి రాసుకున్నారు.

పన్నెండో రోజున ఆశ్రమం వంటమనిషి అచ్చియ్యమ్మ సంతలో కనబడి రెండు సంగతులు చెప్పింది. పందొమ్మిదేళ్ళుగా స్వామి ఆ మాత్రను గది తలుపు మూసుకునే వేసుకునేవారట. ఆ సోమవారం దాకా ఆశ్రమంలో ఎవరికీ తెలియదు. ట్రస్టు సభ్యులు ఏడుగురిలో నలుగురు రాజీనామా పంపారు. నాలుగు కాగితాల్లోనూ రాసిన కారణం ఒకటే: వ్యక్తిగతం.