చెయ్యెత్తని నోము

అమ్మలారా, అయ్యలారా, అక్షతలు చేత పట్టుకొనుడు. పిల్లలను వెనుకకు నెట్టక ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. కథ వారిదే అయినను, చెవులొగ్గి వినవలసినవారు పెద్దలు.

పూర్వము గౌతమీ తీరమున తపము చేయుచుండిన స్థిరబోధుడను మునిని ఆర్జవుడను ముని సమీపించి, నమస్కరించి ఇట్లు అడిగెను: "స్వామీ, లోకమున తలిదండ్రులు బిడ్డలను కొట్టియు తిట్టియు మంచి నేర్పుచున్నారు. ఆ బిడ్డలే పెద్దవారై, చూచువారు లేనిచోట చెడు చేయుచున్నారు. తప్పు అనగా ఏమో బిడ్డకు నిజముగా తెలియుట ఎట్లు? అందులకు నోము ఏదైన కలదా?" స్థిరబోధుడు, అట్టి నోము కలదనియు, అది ఒక పసిబిడ్డ చావుతో లోకమునకు తెలిసినదనియు పలికి, ఇట్లు చెప్పసాగెను.

గౌతమి ఒడ్డున కుందలపాడు రేవులో సింగన్న అను పడవవాడు ఉండెను. అతని భార్య మంగతాయి, కొడుకు కోదండు, వాని చెల్లెలు చిట్టి. సింగన్న కష్టజీవి. తాగుడు ఎరుగడు, పరుల సొమ్ము ముట్టడు. అయితే ఇంటి చూరులో ఒక చింతబరికె దోపి ఉంచెను. మొక్కై వంగనిది మానై వంగునా అనుచు, పిల్లలు ఏమి చేసినను ముందు బరికె తీయును. ఎందుకు చేసితివని అడుగుట ఆ ఇంట లేదు.

ఒకనాడు తల్లికి జ్వరము రాగా, కోదండు తానే నీళ్లు తెచ్చెదనని కడవ ఎత్తి, కాలు జారి పగులగొట్టెను. కడవ పెద్దది గనుక దెబ్బలును పెద్దవయ్యెను. ఆ తరువాత వాడు ఉట్టిలోని బెల్లము దొంగిలించి తినెను. ఎవరును చూడలేదు గనుక దెబ్బలు పడలేదు. పోయిన వస్తువు ఎంతయో తప్పు అంత అనియు, ఎవరును చూడనిది తప్పే కాదనియు వాడు తెలిసికొనెను. బరికె నేర్పిన చదువు అంతే. సింగన్న మాత్రము, దెబ్బకు దెయ్యము కూడ జడియునని, తన కొడుకు దారిలో పడెనని రేవులో గొప్పలు చెప్పుకొనుచుండెను.

ఇట్లుండగా సింగన్న పడవను ఒడ్డుకు లాగి, పలకల సందులలో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలము పోసి బిగించెను. ఆ మధ్యాహ్నము పిల్లలిద్దరు ఒండ్రుమట్టితో అమ్మవారిని చేసి పూజ ఆడుకొనిరి. పువ్వులు పెట్టిరి, దీపము పెట్టిరి. చిట్టికి తృప్తి కలుగలేదు.

"అన్నా, అమ్మోరికి పొగెయ్యవా?" అని అడిగెను.

ఇంటిలో ధూపము లేదు. కోదండు ఆల్చిప్ప తీసికొని పోయి, పడవ వెనుక భాగమున అడుగు సందులోని గుగ్గిలమును గీకి తెచ్చి నిప్పులపై వేసెను. సువాసన రేగెను. పిల్లలిద్దరు కన్నులు మూసికొని దండము పెట్టిరి. అమ్మలారా, ఆ భక్తిలో కల్లాకపటము లేదు. ఆ సంగతి మరువకుడు.

మరునాడు ఆవలి ఒడ్డున సంత. సింగన్న పడవను నీటిలోనికి దింపి జనమును ఎక్కించుకొనెను. గాజులు కొనిపెట్టుమని చిట్టి కూడ ఎక్కెను. ఒడ్డున నిలిచిన కోదండు, తాను గీకిన చోట నీరు ఊరుచుండుట చూచెను.

"అయ్యా, పడవలో..." అని నోరు తెరచెను.

"మళ్లీ ఏం తగలేసేవురా? నోర్మూసుకో! ఈపు సీరేత్తాను!" అని సింగన్న గద్దించెను. పడవలోనివారు నవ్విరి.

ఇంటిలో పడవను మించిన వస్తువు లేదు. కావున దెబ్బలు కూడ మున్నెన్నడు తగలనంతగా తగులునని వాడు తలచెను. నోరు మూసికొని, ఒడ్డున పేర్చిన దుంగల చాటుకు పరుగెత్తెను. చెల్లెలిని గూర్చి ఆ క్షణమున తలపనే లేదు.

నడియేట నీరు ఎగదన్నెను. తోడి పోయువారు తోడుచుండగానే పడవ ఒరిగి మునిగెను. సింగన్న ఈదుచు అందినవారిని అందినట్లు ఒడ్డుకు చేర్చెను. చిట్టి చేయి అతని చేతికి చిక్కి జారిపోయెను. నాటినుండి కోదండుకు మాట పడిపోయెను. సింగన్న పొరుగు రేవున ఎరువు అడిగి తెచ్చిన పడవలో ఎక్కువారు లేకపోయిరి, పొయ్యిలో పిల్లి లేవకుండెను.

మంగతాయి రేవులో కూర్చుండి ఏడ్చుచుండగా, గౌతమీమాత ముదుసలి ముత్తైదువ రూపమున వచ్చి కారణమడిగెను. మంగతాయి అంతయు చెప్పి, నా ఇంటికి ఈ శాపమేమని వాపోయెను. శాపము కాదనియు, బిడ్డ బుద్ధికి మెట్లు కలవనియు ఆమె పలికెను. మొదట బిడ్డ దెబ్బను ఎరుగును, తరువాత నలుగురి మాటను ఎరుగును, చివరకు ఎదుటివాని నొప్పిని ఎరుగును. మీరు వానిని మొదటి మెట్టుననే కట్టివేసితిరని చెప్పి, ఈ నోమును ఉపదేశించెను. శుక్రవారమున ఒండ్రుమట్టితో గౌరిని చేయవలెను. బిడ్డచేత గుగ్గిలపు ధూపము వేయింపవలెను. ఇంటి పెద్ద "చెప్పు, చెయ్యెత్తను" అని అభయమిచ్చి, ఏమి చేసితివి, ఎందుకు చేసితివి, ఎవరికి నొప్పి కలిగెను అని అడుగవలెను. పొగ ఆరువరకు పెద్దలు పెదవి కదపరాదు. పడవకు పోసినదే గుగ్గిలము గనుక ఆ పేరు విని మంగతాయి వెనుకాడెను. అదియే కావలెనని చెప్పి ముత్తైదువ అదృశ్యమయ్యెను.

మొదటి శుక్రవారము సింగన్న ఊరిని పిలిచి పూజ ఆర్భాటముగా చేసెను. నలుగురిలో పరువు పోవునని ప్రశ్నలు అడుగక దాటవేసెను. ఎరువు పడవ మోకు తెంచుకొని కొట్టుకొని పోయెను. రెండవసారి అభయమిచ్చి అడిగెను గాని, బరికెను చూరులోనే ఉంచెను. కోదండు చూరు వంక చూచి గోడకు ఒదిగెను. గాలివాన వచ్చి ఇల్లు కూలెను. కూలిన చూరులో బరికె మాత్రము చెక్కుచెదరక నిలిచెను. మంగతాయి దానిని పెరికి, ముక్కలుగా విరిచి, మూడవ శుక్రవారమున ఆ పుల్లలతోనే గౌరికి పాయసము వండెను.

కోదండు నిప్పులపై గుగ్గిలము వేసెను.

"సెప్పరా కొడకా, సెయ్యెత్తను," అని సింగన్న పలికెను.

వాని గొంతు పగిలినట్లు మాట వచ్చెను. "పడవ గుగ్గిలం నేనే గీకేనయ్యా. అమ్మోరికి పొగెయ్యమని చిట్టి అడిగింది. రేవులో సెప్పబోయేను. కొడతావని సెప్పలేదు."

సింగన్న కుడిచేయి లేచెను. పొగ ఇంకను ఆరలేదు. చేయి అట్లే నిలిచెను. ఆ మౌనములో రేవున తాను వేసిన కేక అతనికి మరల వినబడెను, పడవలోనివారి నవ్వు కూడ వినబడెను. చేయి మెల్లగా దిగి బిడ్డ తలపై ఆగెను. పొగ ఆరిన పిమ్మట, "నువ్వు నోరు తెరిసేవురా. మూయించింది నేను," అని బావురుమనెను. కొంత తేరుకొని, మూడవ ప్రశ్న మిగిలినదని, ఎవరికి నొప్పి కలిగెనో చెప్పుమని అడిగెను.

"నాకే అనుకున్నానయ్యా. చిట్టికని అనుకోలేదు," అని కోదండు నేల మీద పడి ఏడ్చెను. తప్పు అనగా ఏమో వానికి అప్పుడు తెలిసెను. ఆ తెలివి చిట్టికి అక్కరకు రాలేదు.

మంగతాయి ఆ పూట కొడుకును దగ్గరకు తీయలేకపోయెను. మరునాడు తీసెను. కొట్టుకొని పోయిన పడవ ఇసుకతిన్నెపై దొరికెను. జనము మరల ఎక్కసాగిరి, కూలిన ఇల్లు మరల నిలిచెను. గౌతమి చిట్టిని మాత్రము తిరిగి ఇయ్యలేదు.

కాలక్రమమున కోదండు పడవవాడై, పెండ్లాడి, ఏటేట ఈ నోము నోచుచుండెను. ఒక సంతనాడు పడవ నిండుగా జనము ఎక్కియుండగా అతని కూతురు రొప్పుచు వచ్చి, "అయ్యా, ఆగు! పడవ అడుగున సీల నేనే ఊడదీసేను. బొమ్మ బండికి కావాల్సొచ్చింది. అందరూ ములిగిపోతారయ్యా!" అని అరచెను. కోదండు ముందు జనమును దింపెను. తరువాత బిడ్డను ఎత్తుకొని చాలసేపు దింపలేదు. చీలను ఆమె చేతనే తెప్పించి, ఆమె చూచుచుండగా బిగించెను. ఆ దినమున ఆ రేవులో ఎవరును చావలేదు.

కావున ఓ ఆర్జవా, బిడ్డలు కలవారు, బిడ్డలకు చదువు చెప్పువారు, చేతికి బరికె అలవాటైనవారు, పరువుకు వెరచి ప్రశ్నలు దాటవేయువారు ఈ నోము నోచవలెను. నోచినవారి బిడ్డలు చూచువారు లేనిచోటను తప్పు చేయ వెరతురు, చేసిన తప్పును వేళకు చెప్పుదురు, ఎదుటివాని నొప్పిని ఎరుగుదురు. పోయినవారు తిరిగి వచ్చెదరని ఈ నోము చెప్పదు. పోవలసిన అగత్యము లేనివారు నిలుతురు. పాయసము పలుచనైనను, పూవులు వాడినను కొరత లేదు. చెయ్యెత్తినచో నోము లేదు.

అక్షతలు కొన్ని గౌరి పాదములపై, కొన్ని పిల్లల తలలపై చల్లుడు. నిప్పులపై గుగ్గిలము వేయించి, పొగ ఆరువరకు పెద్దలు మాటాడకుడు. ఇక పిల్లలు చెప్పుదురు.