తల పందెం కాసిన వైద్యుడు

రాజుగారి కాళ్లు వాచాయి. పెద్ద వైద్యుడు భైరవశాస్త్రి వరి అన్నం పూర్తిగా మానెయ్యమన్నాడు. చిన్న వైద్యుడు సోమయ్య మాత్రం కాస్త తగ్గిస్తే చాలన్నాడు.

"ఎవరి మాట వినాలో రోజూ వండిపెట్టే నువ్వే చెప్పు. తప్పు చెప్పావో, తల తీయిస్తాను," అన్నాడు రాజు వంటమనిషి తాయమ్మతో.

తాయమ్మ అక్కడే ఉన్న వైద్యులిద్దరినీ అడిగింది. "అయ్యా, మీ మాట తప్పయితే?"

"కానే కాదు! నా తల పందెం!" అన్నాడు శాస్త్రి.

"కావచ్చు. అందుకే రోజూ వాపు చూస్తాను. తగ్గకపోతే పథ్యం మారుస్తాను," అన్నాడు సోమయ్య.

"సోమయ్యగారి మాటే వినండి ప్రభూ," అంది తాయమ్మ.

"తల పందెం కాసినవాణ్ణి కాదంటావా?" రాజు గద్దించాడు.

"జబ్బు ముదిరాక ఆయన తల తీస్తే మీ వాపు తగ్గుతుందా ప్రభూ?"

రాజు తన కాళ్లకేసి చూసుకున్నాడు. తర్వాత సోమయ్యను దగ్గరకు పిలిచి, "ఎంత తినమంటావో చెప్పు," అన్నాడు.