గవరమ్మ ఇనుప పట్టీ

రాచపాడు కోటలో ఇనుము వంచే పెద్ద మర ఒకటి ఉండేది. ఇంటికి చిన్న పట్టీ కావాలన్నా అక్కడే వంపించుకుని, కూలి కింద బస్తా వడ్లు కొలవాలని దివాను మల్లపరాజు చాటింపు వేయించాడు. కోట బయట వంచినవాడు పంట చేతికొచ్చేదాకా ఊరికే ఆ మర తిప్పాలి.

గవరమ్మకు ఊరగాయ జాడీలు పెట్టుకునే బల్ల కింద ఆనుగా వంచిన పట్టీలు రెండు కావాలి. బస్తా వడ్లు కొలిచేస్తే పిల్లలకు గంజి కూడా ఉండదు. అందుకని ఒక పట్టీని వీధి కాలువ మీద అడ్డంగా పరిచింది. దివాను ఎక్కిన బండి ఎవరికోసమూ పక్కకు తప్పుకోదు కదా! చక్రం ఎక్కి దిగేసరికి పట్టీ మోచేయిలా వంగింది.

దాన్ని పట్టుకుని ఆమె తిన్నగా రాజుగారి కొలువుకు వెళ్లింది.

"ప్రభూ, తిన్నగా ఉన్న నా పట్టీని కోట బయట వంచేశారు!"

దివాను గయ్యిమన్నాడు. "ఎవడా పొగరుబోతు? ఎంతటివాడైనా సరే, మర దగ్గరికి ఈడ్చండి!"

"తమ బండే బాబూ. లోపల తమరే ఉన్నారు. వీధంతా చూసింది."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వాపుకుంటూ, "శిక్ష నీ నోటితోనే వేసుకున్నావు, మల్లపరాజూ. తిప్పేది నువ్వే గనక ఇక జనం కూలి ఇవ్వక్కర్లేదు," అన్నాడు.

మర్నాడు దివాను చెమటలు కక్కుతూ మర తిప్పుతుంటే, గవరమ్మ రెండో పట్టీ తెచ్చి ముందు పెట్టింది.

"మొదటిదానికి జతగా రావాలి బాబూ. అదీ తమరు వంచిందే కదా!"